అటూ ఇటూ కాని బరువు

నేను వెళ్ళేసరికి ఇంజను పక్కకి ఒరిగి పడి ఉంది. మీద ఎవరివో ప్లాస్టిక్ కుర్చీల కట్టలు రెండు, కింద నల్లగా ఆయిలు మడుగు. విజయవాడలో ఒక పార్శిల్ సర్వీసు గోడౌను, మే నెల, మిట్టమధ్యాహ్నం. అది కోల్‌కతాలో 38,000 రూపాయలు పెట్టి కొన్న అంబాసిడర్ ఇంజను. గుమాస్తా రిజిస్టరు నా ముందుకు తోసి, "ఇక్కడ సంతకం పెట్టండి సార్, తలుపు మూసే టైమైంది" అన్నాడు. పెట్టేశాను. ఆ సంతకం ఎంత పని చేసిందో తర్వాత చెబుతాను.

కారు మా నాన్నగారిది. మార్క్ 4, పెట్రోలు బండి. ఇంజను బ్లాకులో పగులు వచ్చి రేడియేటర్ నీళ్ళన్నీ ఆయిల్లో కలిసిపోతుంటే ఇంకో ఇంజను వెతకాల్సి వచ్చింది. ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. మా ఆటోనగర్‌లో మనిషికి తప్ప దేనికైనా విడిభాగం చేసిపెడతారని ఒక జోకు ఉంది గానీ, 1489 సీసీ బ్లాకు పోతపోయడం వాళ్ళ వల్ల కూడా కాదు. అందుకే పాత విడిభాగాలు అమ్మే బజార్లు: కోల్‌కతా మల్లిక్ బజార్, చెన్నై పుదుపేట, ఢిల్లీ మాయాపురి. పాత కారు ఉన్నవాడు ఎప్పుడో ఒకప్పుడు ఈ మూడింట్లో ఒకదానికి ఫోను చేయక తప్పదు. బేరం కుదరడం పెద్ద కష్టం కాదు. అసలు టెన్షన్ అంతా ఆ ఇనపముద్ద మన ఊరు చేరేదాకా.

ఇంజనుని ట్రాలీ ఆటోలో వేసుకుని ఆటోనగర్ తీసుకెళ్ళాను. మా మేస్త్రీ దాన్ని చైన్ పుల్లీకి తగిలించి పైకి లాగి, కిందకి వంగి చూశాడు. ఇంజను అడుగున ఆయిలు నిలిచే తొట్టి, అదే ఆయిల్ చాంబర్, అన్నం కంచమంత లోపలికి సొట్టపోయింది. ఆ సొట్ట లోపల ఆయిలుని వడకట్టే స్ట్రైనర్‌కి ఆనుకుంది. చూసుకోకుండా అలాగే బిగించి స్టార్ట్ చేసి ఉంటే ఆయిలు పైకి అందక బేరింగులు పట్టేసేవి. డిస్ట్రిబ్యూటర్ మూత మూడు ముక్కలు. ముందు పుల్లీ వంకర. నేను లారీవాళ్ళని నోటికొచ్చినట్టు తిడుతుంటే ఆయన కాసేపు విని, బీడీ పక్కన పెట్టి అన్నాడు.

"లారీవాళ్ళని ఎందుకు తిడతారు బాబూ? చాంబర్ మీద కూర్చోబెట్టి పంపారు దీన్ని. అది రేకు. మీరు కోడిగుడ్ల బుట్ట మీద కూర్చుంటారా?"

అప్పుడు కోపం వచ్చింది గానీ, ఆ మాటే నన్ను ఈ నాలుగేళ్ళుగా తిప్పుతోంది. ఆ ఇంజను తర్వాత నేను దాదాపు పాతిక పార్శిళ్ళు పంపాను, తెప్పించుకున్నాను. గేర్ బాక్సులు, హౌసింగులు, క్రాంకులు, తలుపులు, ఒకసారి ఏకంగా కారు ముందు భాగం మొత్తం. నాకు తెలిసినంతలో పాత కార్లవాళ్ళు చేసే తప్పు ఒక్కటే. సామాను దారిలో ఎలా వెళ్తుందో ఊహించుకుని ప్యాక్ చేస్తారు. దాన్ని ఎలా ఎత్తుతారో ఆలోచించరు.

కోల్‌కతా నుంచి విజయవాడ 1,200 కిలోమీటర్ల పైమాటే. ఆ దూరం తల్చుకోగానే గతుకులు, స్పీడ్ బ్రేకర్లు, ఒడిశాలో వానలు కళ్ళ ముందు మెదులుతాయి. ఆ భయంతో థర్మకోల్ కొంటాం, బబుల్ షీటు చుడతాం. నిజానికి లారీలో సర్దిన సరుకు చుట్టూ వేరే సరుకు ఉంటుంది, కదలడానికి చోటుండదు. ఇంజను మొత్తం ప్రయాణంలో అంత క్షేమంగా ఉండేది అక్కడే. దెబ్బ తగిలేది లారీ ఆగినప్పుడు. నా ఇంజను ప్రయాణం ఒకసారి లెక్కేసుకున్నాను. కొట్టు నుంచి టెంపోలోకి, టెంపో నుంచి బుకింగ్ ఆఫీసుకి, అక్కడి నుంచి లారీలోకి, మధ్యలో ఒక పెద్ద గోడౌనులో దింపి వేరే లారీకి ఎక్కించడం, విజయవాడలో దింపడం, ట్రాలీ ఆటోలోకి, చివరికి షెడ్డులోకి. మొత్తం ఎనిమిది సార్లు చేతులు మారింది. ఎనిమిది చోట్లా మనుషులు వేరు, ఎత్తు వేరు, తొందర వేరు. ఇంజనుకి ఆ ఎనిమిది నిమిషాలే గండం.

ఈ సంగతి పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. మా ఊరి గోడౌను ఎదురుగా టీ కొట్టు బల్ల మీద రెండు మధ్యాహ్నాలు కూర్చుని చూశాను. హమాలీల పని చూడ్డానికి అందంగా ఉంటుంది, అబద్ధం ఎందుకు. యాభై కిలోల బస్తా ఒకడి వీపు మీదకి వచ్చి చేరడం, అతను చెక్క మీద నాలుగడుగులు పరుగులాంటి నడక నడిచి, భుజం ఒక్క విదిలింపుతో దాన్ని వరసలో సరిగ్గా కూర్చోబెట్టడం. ఒక్క బస్తా జారలేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో చేసిన సిఫార్సులో మగవాడు మోసే బరువుకి హద్దు 55 కిలోలు అని ఉంది. మనవాళ్ళు ఆ కాగితం చూసి బస్తాలు కుట్టారని అనను గానీ, యాభై కిలోలకి శరీరం అలవాటు పడిపోయింది. ఎక్కడ పట్టుకోవాలో, ఎప్పుడు ఊపిరి బిగబట్టాలో తెలిసిన బరువు అది.

ఆ తర్వాత ఒక పెద్ద మోటారు వచ్చింది, మూడొందల కిలోలు ఉంటుందేమో. దాని జోలికి ఎవడూ పోలేదు. హమాలీల మేస్త్రీని పిలిచారు, చైన్ పుల్లీ తెచ్చారు, పైపులు వేశారు, పది నిమిషాలు వాదించుకున్నారు. చివరికి అది పూలపల్లకీలా దిగింది. బరువే దాన్ని కాపాడింది.

ఆ రెండింటి మధ్యదే అసలు సమస్య. ఏదో పంపుసెట్టు, తొంభై కిలోలు ఉండొచ్చు. ఒకడి వల్ల కాదు, చైన్ పుల్లీ తెచ్చేంతా కాదు. ఇద్దరు చెయ్యి వేశారు. పట్టుకోడానికి పిడి లేదు, ఒక వైపు బరువు ఎక్కువ. లారీ అంచు దాకా జరిపారు, అక్కడ ఒకడి పట్టు మారింది. కింద పాత లారీ టైరు పడేసి ఉంది, అలాంటి వాటి కోసమే. "వదిలెయ్ రా" అన్నాడు పెద్దాయన. వదిలేశారు. టైరు మీద పడి, ఎగిరి, పక్కన గచ్చు మీద పడింది.

ఆ పెద్దాయన్ని టీకి పిలిచి అడిగాను, "ఏం అన్నా, అట్టా పడేశారేంటి?" అని.

"పట్టుకుని ఉంటే వాడి కాలి మీద పడేది. మీరైతే ఏది వదుల్తారు?" అన్నాడు.

దానికి నా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికీ లేదు. నా ఇంజను కంటే వాడి కాలు ముఖ్యం, ఇందులో వాదన ఏమీ లేదు. అందుకే "హమాలీలు మొరటుగా విసిరేస్తారు" అనే ఫిర్యాదు నాకు నచ్చదు. పిడి లేని తొంభై కిలోల వస్తువుని చేతికిచ్చి జాగ్రత్త అని చెప్పేవాడిదే మొరటుతనం. డెబ్భై నుంచి నూట ఇరవై కిలోల దాకా ఉన్న పార్శిల్ ఏదైనా నా దృష్టిలో పంపినవాడి తప్పే. దాన్ని కిందకైనా తేవాలి, పైకైనా నెట్టాలి. మధ్యలో వదలకూడదు.

కిందకి తేవడం సులువు. ఒక వెనక హౌసింగు, అంటే వెనక చక్రాల ఇరుసు ఉండే తొడుగు, మధురైకి పంపాల్సి వచ్చింది. బ్రేక్ డ్రమ్ములు, కమాన్ కట్టలు అన్నీ కలిపి కాటా మీద పెడితే 84 కిలోలు. కచ్చితంగా టైరు మీద పడే బరువు. కమాన్ కట్టలు విప్పి ఒక కట్ట, డ్రమ్ములు ఒక చెక్కపెట్టె, ఉత్తి హౌసింగు ఒకటి, మొత్తం మూడు నగాలు చేశాను. బుకింగ్ ఆఫీసులో "ఒకటే నగం అయితే చార్జి తగ్గుద్ది కదా" అన్నారు. తగ్గుతుంది, నిజమే. మూడు నగాలకి అదనంగా అయింది 260 రూపాయలు. ఒక డ్రమ్ము అంచు చిట్లితే దాని జత దొరకడానికి ఎన్నాళ్ళు పడుతుందో తెలిసినవాడికి అది లెక్కలోకి రాదు. పోత ఇనుముకి ఒక దుర్గుణం ఉంది, వంగదు, చిట్లుతుంది. ఇనుమే కదా, దానికేమవుతుంది అనుకునేవాళ్ళకి ఈ సంగతి డబ్బు పోయాకే అర్థమవుతుంది.

ఇంజనుని విడగొట్టి తేలిక చేయలేం. హెడ్డు విప్పినా బ్లాకు బరువు అలాగే ఉంటుంది. కాబట్టి రెండో దారి, బరువు పెంచాలి. ఇది చెప్తే నన్ను వింతగా చూస్తారు. ఆలోచించండి. ఉత్త ఇంజనుని చూస్తే నలుగురు కుర్రాళ్ళకి ఎత్తేద్దాం అనిపిస్తుంది. వాళ్ళు పట్టుకునేవి ఏమిటో తెలుసా? మానిఫోల్డు, డైనమో, ఫ్యాను. చేతికి దొరికేవి అవే మరి. అదే ఇంజను ముప్పై కిలోల దుంగల ప్యాలెట్ (చెక్క పీట) మీద బోల్టులతో కూర్చుంటే దాన్ని చేత్తో ఎత్తాలన్న ఆలోచనే రాదు. హ్యాండ్ ట్రాలీ తెస్తారు, లేదా చైన్ పుల్లీ. చార్జి కిలోల లెక్కన ఇంకో మూడు, నాలుగు వందలు పెరుగుతుంది. అది ఆ "ఎత్తేద్దాం రా" అనే మాట రాకుండా చేయడానికి కట్టే డబ్బు.

ప్యాలెట్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను మొదట చేయించింది తగలబెట్టుకోడానికి తప్ప పనికిరాలేదు. టింబర్ డిపో పక్కన వడ్రంగి ఉంటాడు, మామిడి చెక్కతో ప్యాకింగ్ పెట్టెలు చేసేవాడు. చక్కగా మేకులు కొట్టి ఇచ్చాడు. మేకు కిందకి నొక్కే బరువుని ఆపుతుంది గానీ, అటూ ఇటూ ఊపుతుంటే మెల్లగా ఊడొస్తుంది. ట్రాలీ మీద తిప్పేటప్పుడు ఇంజను అలాగే ఊగుతుంది. రెండోసారి జామాయిల్ దుంగలు తీసుకుని, అడ్డంగా నిలువుగా బోల్టులు వేయించాను, పెద్ద వాషర్లతో. వడ్రంగికి నచ్చలేదు. "ఇంటికి దూలం ఎక్కించినట్టుందండీ" అన్నాడు. అదే కావాల్సింది. కింద నాలుగంగుళాల సందు వదలాలి. హ్యాండ్ ట్రాలీ ఫోర్కు దించినప్పుడు కూడా మూడున్నర అంగుళాల దాకా ఎత్తు ఉంటుంది. అంతకంటే సందు తక్కువైతే ట్రాలీ దూరదు, దూరకపోతే గునపం పెట్టి లేపుతారు. గునపం మొన ఎక్కడ ఆనుతుందో ఊహించుకోండి.

ఇంజను కూర్చునేది చాంబర్ మీద కాదు. మా మేస్త్రీ చెప్పిన కోడిగుడ్ల పాఠం. కారులో అది దేన్ని పట్టుకుని వేలాడుతుందో ప్యాలెట్ మీద కూడా దాన్నే పట్టుకోవాలి. ముందు ఫౌండేషన్ బ్రాకెట్లు, వెనక గేర్ బాక్సు బిగించే ప్లేటు. ముందు వైపు రెండు చెక్క దిమ్మెలు నిలబెట్టి ఫౌండేషన్ బోల్టులు వాటికి బిగిస్తాం. వెనక ఒక మందపాటి పలకకి గేర్ బాక్సు (బెల్ హౌసింగ్) బోల్టుల వరసలో రంధ్రాలు వేసి దానికి బిగిస్తాం. చాంబర్‌కీ కింద చెక్కకీ మధ్య రెండంగుళాల గాలి ఉండాలి. చేతివేళ్ళు దూర్చి చూసుకోవాలి. వేళ్ళు దూరకపోతే విప్పి మళ్ళీ చేయాల్సిందే.

తాళ్ళు, బెల్టులు, ఇనప పట్టీలు రెండో వరస కాపలా మాత్రమే. వాటినే నమ్ముకుంటే దారిలో చెక్క ఎండి కుదించుకుపోయినప్పుడు అవి వదులవుతాయి. ఇక్కడ రోడ్డుని కొంచెం తల్చుకోవాలి. రోడ్డు కొట్టదు, ఒరుస్తుంది. మూడు రోజుల కంపనం. పైపు బ్రాకెట్‌కి తగిలితే పైపు అరుగుతుంది, మామూలు నట్టు దానంతట అదే తిరిగి వదులవుతుంది. డబుల్ నట్టు వేయండి. ఇనుముకీ ఇనుముకీ మధ్య పాత సైకిల్ ట్యూబు ముక్క పెట్టండి. థర్మకోల్ మాత్రం దయచేసి పెట్టకండి. నూటయాభై కిలోల కింద అది ఇరవై కిలోమీటర్లలో పిండి అయిపోతుంది, ఆ తర్వాత అది నిండిన చోటు ఖాళీ అవుతుంది, ఆ ఖాళీలో ఇంజను ఊగుతుంది. ప్యాకింగ్ లేకపోవడం కంటే అది హీనం.

ఇప్పుడు నాతో చాలామంది గొడవపడే విషయం. ఇంత చేశాక చుట్టూ పలకలు కొట్టి మూసేయాలా, తెరిచి ఉంచాలా? మూసేయాలనే అందరి మాట. నేను తెరిచే ఉంచుతాను. మూసిన పెట్టె అంటే గోడౌనులో అందరికీ అది చదునైన జాగా. దాని మీద ఇంకో పెట్టె పెడతారు, దాని మీద సంచులు, దాని మీద కూర్చుని అన్నం తింటారు. లోపల ఏముందో తెలీదు గనక పక్కకి తిప్పినా ఎవరికీ ఏమీ అనిపించదు. అదే ఇంజను కళ్ళకి కనిపిస్తుంటే దానికి పైన ఏదో కింద ఏదో ఎవరూ చెప్పక్కర్లేదు. లారీ నడిపేవాళ్ళు, లారీ ఎక్కించేవాళ్ళు, ఇంజను విలువ తెలీని మనిషి ఆ గోడౌనులో ఉండడు. పైన మాత్రం రెండు సరుగుడు బాదులు ఇంటి కప్పులా వాలుగా కట్టేస్తాను. వాలు మీద ఏదీ నిలబడదు కాబట్టి ఏదీ పెట్టరు. కుర్చీల కట్టలతో సహా.

దీనికి నాకు దొరికిన గట్టి ఎదురుదెబ్బ కూడా చెప్పాలి. తెరిచి పంపిన ఒక ఇంజను మీద నుంచి కార్బొరేటర్ మాయమైంది. నాలుగు నట్లు విప్పి ఎవరో పట్టుకెళ్ళారు, ఎనిమిది చేతుల్లో ఏ చేతులో ఎలా తెలుస్తుంది. అప్పటి నుంచి కార్బొరేటర్, డిస్ట్రిబ్యూటర్, డైనమో, సెల్ఫ్ మోటారు విప్పేసి వేరే పెట్టెలో, ఆ పెట్టెని పూర్తిగా మూసి పంపుతున్నాను. ఎలాగూ గోడౌనులో చేతికి దొరికేవీ విరిగేవీ అవే. కాబట్టి నా వాదన ఇప్పటికి ఇలా సర్దుకుంది: బరువైనది కనపడాలి, విలువైన చిన్నది దాక్కోవాలి.

బాణం గుర్తులు, గ్లాసు బొమ్మ స్టిక్కర్లు అతికిస్తాను, కాదనను. బొమ్మ అయితే చదవక్కర్లేదు. "హ్యాండిల్ విత్ కేర్" అని ఇంగ్లీషులో రాయడం మాత్రం రాసినవాడి తృప్తికే. కొందరు ఇంకో ఉపాయం చెప్తారు, హమాలీ చేతిలో రెండొందలు పెడితే చాలని. పెట్టాను. నా ఎదురుగా ఉన్నంతసేపూ పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తారు. కానీ ఆ రెండొందల సంగతి నాగపూర్ గోడౌనులో రాత్రి రెండింటికి దింపేవాడికి ఎలా తెలుస్తుంది? డబ్బు మొదటి చేతికే అందుతుంది, దుంగల ప్యాలెట్ ఎనిమిదో చెయ్యి దాకా అందుతుంది.

ఆయిలు గురించి రెండు మాటలు. పూర్తిగా దింపేయండి. దింపేశాక ఇంకో రాత్రంతా వంచి ఉంచండి, ఇంకో గ్లాసుడు వస్తుంది. నా మొదటి ఇంజను కింద కనిపించిన మడుగు నా నష్టమే అనుకున్నాను. అది పక్కనున్న బట్టల బేలుకి పాకింది. ఎవరో చీరల వ్యాపారివి. ఆయన గోడౌనుకి వచ్చి నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. మన సరుకు ఒంటరిగా ప్రయాణం చేయదన్న సంగతి అంతవరకూ నా బుర్రకి తట్టలేదు. పెట్రోలు వాసన వచ్చే ట్యాంకు, యాసిడ్ ఉన్న బ్యాటరీ పార్శిల్లో కలిపి పంపేవాళ్ళని చూశాను. అది పొదుపు కాదు, పక్కవాడి సరుకుతో ఆడుకోవడం. కొత్త కార్ల ఎయిర్ బ్యాగులు ఇంకా ప్రమాదం. రవాణా నిబంధనల్లో వాటిని ప్రమాదకర సరుకుల కిందే లెక్కేస్తారు, బట్టల మూటలా చుట్టి పంపే వస్తువు కాదది.

ఆయిలు దింపేస్తే తుప్పు భయం. సముద్రం పక్కన పోయే దారి, ఉప్పు గాలి. పాలిథీన్ కవరు బిగించి చుడితే లోపల చెమట పట్టి ఇంకా తొందరగా తుప్పు పడుతుంది, నా క్రాంకు ఒకటి అలాగే మచ్చలు పడింది. సిలిండర్లలో చెంచాడు ఆయిలు పోసి చేత్తో తిప్పి, ప్లగ్గులు బిగించేస్తే చాలు. నునుపు తేలిన చోట్ల గ్రీజు. తుప్పు పట్టనివ్వని వీసీఐ కాగితం అని దొరుకుతుంది, క్రాంకులకీ క్యాం షాఫ్టులకీ అది మంచిది. రంధ్రాల్లో గుడ్డ కుక్కితే దాని తోక బయటికి కనపడేలా వదలండి, ఎర్ర గుడ్డ అయితే మరీ మంచిది. లోపల మర్చిపోయిన గుడ్డని ఇంజను మింగితే ఏమవుతుందో మా మేస్త్రీ దగ్గర ఒక కథ ఉంది, అది ఇంకోసారి.

డాలస్‌లో ఉండే నా స్నేహితుడొకడు అంబాసిడర్ ముందు గ్రిల్లు, బంపర్లు పంపమన్నప్పుడు కొత్త విషయం తెలిసింది. దేశం దాటే చెక్క ప్యాకింగ్‌ని 56 డిగ్రీల వేడిలో, ఆ వేడి చెక్క నడిమధ్యకి చేరేలా, కనీసం 30 నిమిషాలు ఉంచి ముద్ర వేయాలి, పురుగులు వెళ్ళకుండా. మామిడి చెక్క పెట్టె అలాగే పంపితే అటు రేవులో ఆపేస్తారు. ఆటోనగర్‌లో పాత ప్యాలెట్లు అమ్మేచోట 'హెచ్‌టీ' (హీట్ ట్రీటెడ్) ముద్ర ఉన్నవి ఏరుకుంటే అయిపోయింది. విప్పి కొత్త చెక్క వేస్తే మాత్రం ఆ ముద్ర చెల్లదు.

ఇక ఆ సంతకం.

చాంబర్ సొట్ట చూశాక పార్శిల్ ఆఫీసుకి వెళ్ళి నష్టపరిహారం అడిగాను. వాళ్ళు మర్యాదగానే మాట్లాడారు. రిజిస్టరు తిప్పి చూపించారు. 'సరుకు మంచి స్థితిలో ముట్టింది' అన్న వాక్యం కింద నా సంతకం. ఆ తర్వాత ఎల్‌ఆర్, అంటే లారీ రసీదు, తీసి చూపించారు. సరుకు విలువ 5,000 రూపాయలు. కోల్‌కతాలో అమ్మినవాడు ఎందుకొచ్చిన గొడవ అని అలా రాయించాడు. పక్కనే 'ఓనర్స్ రిస్క్', అంటే నష్టం వస్తే సరుకుగలవాడిదే, అని రబ్బరు స్టాంపు.

ఇంటికొచ్చి చట్టం చదివాను. 1865 నాటి పాత క్యారియర్స్ చట్టం స్థానంలో 2007లో క్యారేజ్ బై రోడ్ చట్టం వచ్చింది, 2011 నుంచి అమల్లో ఉంది. దాని నిబంధనల ప్రకారం సరుకు పాడైతే ట్రాన్స్‌పోర్టు వాళ్ళు ఇవ్వాల్సిన దానికి హద్దు, మనం కట్టిన కిరాయికి పది రెట్లు. అదీ మనం రాయించిన విలువ దాటకుండా. నా కిరాయి 2,400. పది రెట్లు అంటే 24,000. కానీ రాయించిన విలువ 5,000 గనక నేను గట్టిగా పోరాడి గెలిచినా వచ్చేది 5,000. ఎక్కువ విలువ చెప్పి, దానికి తగ్గ అదనపు చార్జి కట్టి, పూర్తి బాధ్యత వాళ్ళ మీద పెట్టే వీలు అదే చట్టంలో ఉంది. అడిగినవాడికే ఆ సంగతి చెబుతారు. ఇంకోటి, బుకింగ్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వకపోతే కోర్టుకి వెళ్ళే దారి మూసుకుపోతుంది. ముట్టిన రోజు నుంచి కాదు, బుక్ చేసిన రోజు నుంచి.

ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ తీసుకోవచ్చు కదా అంటారు. తీసుకోవచ్చు, ఇప్పుడు నేను తీసుకుంటున్నాను. దేశం లోపలి రవాణా పాలసీల్లో ఏ, బీ, సీ అని మూడు రకాల క్లాజులు ఉంటాయి. సీ అంటే నిప్పు, పిడుగు మాత్రమే. బీలో లారీ బోల్తా, గుద్దుకోవడం లాంటివి కలుస్తాయి. టైరు మీద నుంచి జారిపడింది లెక్కలోకి రావాలంటే ఏ ఉండాలి. మూడింట్లోనూ ఒక వాక్యం ఉంటుంది, ప్యాకింగ్ సరిగ్గా లేనందువల్ల వచ్చిన నష్టానికి వాళ్ళు బాధ్యులు కారని. చాంబర్ మీద కూర్చోబెట్టి పంపిన ఇంజనుని ఇన్సూరెన్స్ సర్వేయర్ చూస్తే ఏం రాస్తాడో చెప్పక్కర్లేదు. కాగితాలన్నీ తిరిగి తిరిగి మళ్ళీ ఆ దుంగల దగ్గరికే వచ్చి ఆగుతాయి.

ఇప్పుడు నేను గోడౌనుకి వెళ్తే ముందు ఫోను తీసి నాలుగు వైపులా ఫోటోలు తీస్తాను, ఆ తర్వాతే పెన్ను పట్టుకుంటాను. ఏమైనా తేడా కనిపిస్తే సంతకం పక్కనే రిమార్కు రాస్తాను. గుమాస్తాలకి నేనంటే చిరాకు. "మళ్ళీ వచ్చాడు రా ఇంజన్ల సార్" అనుకోవడం ఒకసారి చెవిన పడింది.

మొన్న సంక్రాంతి తర్వాత కోయంబత్తూరులో ఒకాయనకి ఇంజను పంపాను. దుంగలు, బోల్టులు, వాలు కప్పు, ఎర్ర గుడ్డ తోకలు, ఎల్‌ఆర్ మీద అసలు విలువ. ఐదో రోజు ఫోను. గుండె గుభేలుమంది.

"ఇంజనుకి గీత కూడా పడలేదండీ. కానీ పొద్దున్నించీ మా మెకానిక్ దీన్ని మీ చెక్కల్లోంచి ఊడదీయలేక చస్తున్నాడు. ఏ సైజు నట్లు ఇవి?"

పంతొమ్మిది. అప్పటి నుంచి పంపే ప్రతి ప్యాలెట్‌కీ ఒక పాత 19 నంబరు స్పానరు వైరుతో కట్టి పంపుతున్నాను, పని అయ్యాక తిరిగి పంపమని చీటీ రాసి. ఇప్పటికి ఆరు వెళ్ళాయి. ఒక్కటీ తిరిగి రాలేదు.